చీనా పండితుని వ్రాతబల్లపై పారసీ మాట

కలానికి గౌరవమిచ్చిన నాగరికతలు లోకంలో అనేకం ఉన్నవి. కలంతోపాటు సిరాను, కాగితాన్ని, వాటిని అమర్చుకొనే పరికరాలను సైతం కళాఖండాలుగా తీర్చిదిద్ది, తరతరాలుగా భద్రపరచుకొన్న నాగరికతలలో రెండింటిని ముఖ్యంగా చెప్పుకోవాలి. ఒకటి చీనా, రెండవది ఇస్లామీయ ప్రపంచం. దివ్య ఖుర్ఆన్ తొలి వహీలోనే కలం ప్రసక్తి ఉన్నది. ఒక సూరాకు కలం పేరే ఉన్నది. కనుక ముస్లిముల ఇండ్లలో కలానికీ, ఖలమ్‌దాన్‌కూ దక్కిన గౌరవం పాఠకులకు కొత్త విషయం కాదు. ఈ రెండు సంప్రదాయాలు ఒకే వ్రాతబల్లపై కలిసికొన్న సందర్భం చరిత్రలో ఒకటి ఉన్నదన్న సంగతి మాత్రం మన భాషలో అంతగా ప్రచారంలోకి రాలేదు. క్రీ.శ. 16వ శతాబ్దం తొలి దశకాలలో, మింగ్ వంశీయుడైన జెంగ్‌దే చక్రవర్తి కాలంలో, అరబీ పారసీ అక్షరాలతో తయారైన పింగాణి వస్తువులే ఇందుకు సాక్ష్యం. వీటిలో చాలా భాగం పండితుని బల్లపై ఉండవలసిన వస్తువులు కావడం విశేషం.

ఈ వస్తువులు ఏమిటి, ఎవరి కోసం తయారైనవి, వాటిని సేకరించినవారు వాటిలో ఏమి చూచారు, ఏమి చూడలేకపోయారు అన్న ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వీటి ఆధారంగా ఒక చక్రవర్తి ఇస్లాం స్వీకరించాడన్న వాదం కూడా ప్రచారంలో ఉన్నది. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో కూడా తూచి చూడవలసి ఉన్నది.

పండితుని బల్ల

చీనా దేశంలో చదువుకొన్నవాని గదికి ప్రత్యేకమైన స్థానం ఉండేది. రాజోద్యోగానికి పరీక్షలే మార్గం కావడం వల్ల చదువే హోదా, చదువే కులీనత. ఆ గదిలోని కుంచె, సిరా, కాగితం, సిరా సాన అనే నాలుగింటినీ ‘విద్యాగృహపు నాలుగు నిధులు’ అని పిలిచారు. సోంగ్ వంశ కాలంలో సు ఇజియన్ అనే పండితుడు 986లో ఈ నాలుగింటిపైనే ఒక గ్రంథం రచించాడు.

చీనా సిరా మన దవాత్‌లోని సిరా వంటి ద్రవం కాదు. దీపపు మసిని జిగురుతో కలిపి గట్టి కడ్డీగా పోత పోస్తారు. వ్రాయదలచినప్పుడు సానపై కొద్దిగా నీరు వేసి, మన ఇండ్లలో గంధపు చెక్కను అరగదీసినట్లు ఆ కడ్డీని అరగదీయాలి. అందుకే రాతి ఎంపికకు అంత ప్రాముఖ్యం. గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు ద్వాన్ రాయి సానలకు ఎంతో పేరు పొందింది. వ్రాసే సాధనం రెల్లు కలం కాక వెండ్రుకల కుంచె కనుక, సిరాలో ముంచిన కుంచెను బల్లపై అలాగే పెడితే దొర్లిపోతుంది, కాగితం మరకలవుతుంది. దానిని ఆనించడానికి పర్వత శిఖరాల ఆకారంలో ఒక పీఠం ఏర్పడింది. శిఖరాల మధ్య పల్లాలలో కుంచెలను ఆనిస్తారు. దీనితోపాటు కుంచెలు కడిగే గిన్నె, నీటిని బొట్టు బొట్టుగా వదిలే చిన్న పాత్ర, కుంచెలను నిలిపే కుండీ, వ్రాసేటప్పుడు మణికట్టును ఆనించుకొనే ఆనిక, కాగితం ఎగరకుండా పెట్టే బరువు, ముద్రలు, సిరాపై గాలి తగలకుండా సాన వెనుక నిలిపే చిన్న తెర, ధూపపాత్ర వచ్చి చేరినవి. పెద్ద సంపదను చాటే వస్తువులు కావు ఇవి. చేతికి ఇమిడేవి, నిత్యం వాడేవి. చీనా పండితులు వీటిని సేకరించడంలో ఆసక్తి చూపినది అందువల్లనే.

ఈ సేకరణ చాలా పాతది. మింగ్ వంశారంభంలోనే, 1388లో, సావ్ జావ్ అనే రసజ్ఞుడు పురాతన వస్తువులను గుర్తించే పద్ధతులపై ఒక కరదీపిక వెలువరించాడు. అసలును నకలు నుండి వేరుచేయడం ఎలా అన్నది అందులోని ప్రధాన విషయాలలో ఒకటి. అంటే ఆరు వందల ఏండ్ల క్రితమే నకిలీల బెడద ఉండినదన్నమాట. ఆ తరువాత వెన్ జెన్‌హెంగ్ (1585–1645) పండితుని ఇంటికి ఏ వస్తువు తగును, ఏది తగదు అన్న విషయంపై ప్రసిద్ధమైన గ్రంథం వ్రాశాడు. ఆయన దృష్టిలో వెల ముఖ్యం కాదు, ఔచిత్యం ముఖ్యం. ఆడంబరం పామరత్వానికి గుర్తు.

పీఠంపై రెండు మాటలు

ఇక అసలు వస్తువుల వద్దకు వద్దాము. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక కుంచె పీఠం ఉన్నది. తెల్లని పింగాణిపై నీలి వర్ణంలో చిత్రించినది. అయిదు శిఖరాల కొండ ఆకారం. అడుగున జెంగ్‌దే పాలనా కాలంలో తయారైనదని తెలిపే చీనా అక్షరాల ముద్ర. ఇంతవరకు ఇది ఏ చీనా పండితుని బల్లపైనైనా ఉండదగినదే. కాని దాని ముఖభాగంలోని వలయాలలో తీగల అల్లికల నడుమ పారసీ అక్షరాలు ఉన్నవి. వాటిని కలిపి చదివితే ‘ఖామ-దాన్’ అవుతుంది.

ఖామ అంటే పారసీలో కలం. ‘దాన్’ సంగతి పాన్‌దాన్, ఉగాల్‌దాన్, ఖలమ్‌దాన్ అనే మాటలు వినే ఇండ్లలో వివరించనక్కర లేదు. ఒక వస్తువును ఉంచుకొనేది దాన్. అంటే ఆ పీఠంపై వ్రాసినది దాని పేరే. ఇందులో ఒక చిత్రం ఉన్నది. ఖలమ్‌దాన్ అనేది పారసీ, తురుష్క, దక్కనీ సంప్రదాయాలలో కలాలను లోపల పెట్టుకొనే పెట్టె. ఈ పింగాణి వస్తువు పెట్టె కాదు, కుంచెలను పైన ఆనించే పీఠం. పెట్టెకు చెల్లే మాటను పీఠానికి తగిలించినవాడు పారసీ లోకపు వ్రాతబల్లను మనసులో ఉంచుకొని చీనా వ్రాతబల్లను చూచినట్లున్నది. వస్తువు చీనాది, దాని పని చీనాది, దానికి పెట్టిన పేరు మాత్రం ఖురాసాన్, సమర్ఖందులలో పలికే భాషలోనిది.

ఈ తరగతికి చెందిన ఇతర వస్తువులు కూడా ఉన్నవి. బల్లపై నిలిపే చిన్న పింగాణి తెరలు, మూతగల పెట్టెలు, ధూపపాత్రలు, దీపస్తంభాలు, గిన్నెలు, పళ్ళెములు. కొన్నింటిపై ఖుర్ఆన్ వాక్యాలు ఉన్నవి. కొన్నింటిపై విద్యను, సత్ప్రవర్తనను ప్రశంసించే అరబీ సూక్తులు ఉన్నవి. ఇంకొన్నింటిపై పైన చెప్పినట్లు వస్తువు పేరో, దాని ఉపయోగమో మాత్రమే ఉన్నది. మనుషుల బొమ్మలు లేకుండా తీగలు, పూలు, మేఘాకృతులతో అక్షరాలున్న వలయాలను చుట్టివేయడం వీటన్నింటికీ సామాన్య లక్షణం.

అక్షరాల తీరు కూడా గమనించదగినది. రెల్లు కలంతో వ్రాసిన నస్ఖ్‌లోని పదును వీటిలో లేదు. గీతలు కుంచె గీతల వలె ఉబ్బి సన్నబడతాయి. కొన్నిచోట్ల అక్షరాలు విడిపోయి, చుక్కలు తారుమారై ఉన్నవి. ముస్లిం విద్యావంతుడు వ్రాసి ఇచ్చిన నమూనాను అరబీ చదవరాని పనివాడు గీతల బొమ్మగా ఎంచి నకలు చేశాడని ఇందువల్ల ఊహించవచ్చు. కుంచెతో అరబీ వ్రాసే ఈ పద్ధతి చీనా ముస్లిములలో క్రమంగా ‘సీనీ’ లిపి అనే ప్రత్యేక శైలిగా వికసించి నేటికీ నిలిచి ఉన్నది.

నీలి రంగు వచ్చిన దారి

ఈ పింగాణి జింగ్‌దెజెన్ అనే కొలుముల పట్టణంలో తయారైనది. నీలి వర్ణానికి మూలం కోబాల్టు ఖనిజం. 14వ శతాబ్దంలో చీనా కుమ్మరులు వాడిన మేలిరకపు కోబాల్టు పశ్చిమ దేశాల నుండి, ముఖ్యంగా ఇరాన్ నుండి వచ్చింది. కాషాన్ సమీపంలోని ఖమ్సర్ గనులు ఇందుకు ప్రసిద్ధి. దిగుమతి అయిన ఖనిజంలో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. చీనా స్థానిక ఖనిజంలో మాంగనీసు ఎక్కువ. ఆధునిక రసాయన పరీక్షలు ఈ తేడాను బట్టి ఖనిజం జాడ తీస్తున్నవి. మింగ్ కాలపు చీనా రచనలలో ఒక రకపు నీలికి ‘హుయిహుయి నీలి’ అనే పేరు కనిపిస్తుంది. హుయిహుయి అంటే వారి వాడుకలో ముస్లిములు.

కనుక నీలి తెలుపు పింగాణి ఏ ఒక్క దేశపు సొత్తూ కాదు. మట్టి, కొలిమి, చేతిపని చీనావి, రంగు ఇరాన్‌ది, కొనుగోలుదారులు కైరో నుండి దక్కను వరకు ఉన్నవారు. ఇస్తాంబూల్‌లోని తోప్‌కాపీ రాజప్రాసాదంలో పది వేలకు పైగా చీనా పింగాణి పాత్రలు చేరినవి. షా అబ్బాస్ 1611లో అర్దబీల్ దర్గాకు వెయ్యికి పైగా చీనా పాత్రలను సమర్పించాడు. అయితే ఎగుమతి కోసం చేసిన పెద్ద పళ్ళెములు వేరు, కుంచె పీఠం వేరు. ఇస్తాంబూల్‌లోని కాతిబ్‌కు గాని ఇస్ఫహాన్‌లోని మున్షీకి గాని కుంచె పీఠంతో పని లేదు. వారు వ్రాసేది రెల్లు కలంతో. కుంచెతో వ్రాసేవాడే కుంచె పీఠం కోరుకొంటాడు. కనుక ఇవి చీనాలోనే నివసించి, చీనా విధానంలో వ్రాస్తూ, అరబీ పారసీ లిపిని తనదిగా భావించిన వారి కోసం, లేదా అటువంటి వారు మసలే ఆస్థానం కోసం తయారైనవని చెప్పడానికి వస్తువు ఆకారమే ప్రమాణం.

చీనాలో పారసీ

అరబీ కాక పారసీ మాట ఎందుకు వచ్చింది? యువాన్ వంశపు మంగోలు పాలకుల కాలం (1271–1368) నుండి చీనాలో ముస్లిముల ఉమ్మడి భాష పారసీయే. మధ్య ఆసియా నుండి వచ్చిన గణకులు, ఖగోళ శాస్త్రజ్ఞులు, పన్ను అధికారులు ఆ భాషను వెంట తెచ్చారు. 1267లో జమాలుద్దీన్ అనే శాస్త్రజ్ఞుడు ఖుబిలాయ్ ఖానుకు ఖగోళ పరికరాలను సమర్పించాడు. మింగ్ వంశం వచ్చిన తరువాత కూడా ముస్లిం ఖగోళజ్ఞులు కొనసాగారు. 1382లో వంశ స్థాపకుడైన హోంగ్‌వు చక్రవర్తి ఇస్లామీయ ఖగోళ గ్రంథాలను చీనా భాషలోకి అనువదింపజేశాడు.

1407లో విదేశీ లేఖలను అనువదించడానికి ఒక ప్రభుత్వ విద్యాలయం ఏర్పడింది. అందులో హుయిహుయి శాఖలో నేర్పినది పారసీ. ఆ శాఖ కోసం తయారైన చీనా-పారసీ పదకోశాలు నేటికీ లభ్యమవుతున్నవి. 15వ శతాబ్దంలో హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తీరం వరకు నౌకాదళాన్ని నడిపిన జెంగ్ హె (1371–1433) యున్నాన్ ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. ఆయన దండయాత్రలకు సంబంధించి 1409 తేదీతో శ్రీలంకలోని గాలెలో లభించిన శిలాశాసనం చీనా, తమిళ, పారసీ భాషలలో ఉన్నది. పారసీ అప్పటి చీనాలో రాజకార్యాల భాషలలో ఒకటి అనడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం అక్కరలేదు. ఈ నేపథ్యంలో చూచినప్పుడు కుంచె పీఠంపై పారసీ మాట ఆశ్చర్యం కలిగించదు.

చక్రవర్తి ముస్లిం అయ్యాడా?

జెంగ్‌దే చక్రవర్తి అసలు పేరు జు హౌజావ్. 1491లో పుట్టి, 1505లో సింహాసనమెక్కి, 1521లో మరణించాడు. ఆయన పాలనా ముద్రతో ఇన్ని అరబీ పారసీ లిపి వస్తువులు ఉండటం చూచి, ఆయన రహస్యంగా ఇస్లాం స్వీకరించాడని కొందరు వ్రాశారు. ఇందుకు చూపే ఆధారాలు ప్రధానంగా నాలుగు.

మొదటిది, ఈ వస్తువులే. రెండవది, 1519లో ఆయన పందుల పెంపకాన్ని, వధను నిషేధిస్తూ ఇచ్చిన ఆజ్ఞ. మూడవది, ఆస్థానంలో ముస్లిములకు లభించిన ఆదరణ. హమీ ప్రాంతం నుండి వచ్చిన సయ్యద్ హుసేన్ వంటివారు చక్రవర్తికి సన్నిహితులయ్యారు. నాలుగవది, అలీ అక్బర్ అనే యాత్రికుడు 1516లో పారసీలో రచించిన ‘ఖితాయ్ నామా’. చీనా చక్రవర్తి ముస్లిములను ఆదరించాడని, ఇస్లాం వైపు మొగ్గు చూపాడని అందులో సూచనలు ఉన్నవి.

వీటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము. పందుల నిషేధానికి ఆజ్ఞలోనే కారణం చెప్పబడింది. చీనా భాషలో పందికీ, రాజవంశపు ఇంటిపేరు ‘జు’కూ ఉచ్చారణ ఒకటే. పైగా చక్రవర్తి పుట్టినది చీనా పంచాంగం ప్రకారం వరాహ సంవత్సరం. హరామ్ అన్న భావన అందులో ప్రస్తావనకు రాలేదు. కొద్ది కాలానికే ఆ ఆజ్ఞ అమలు కాకుండా పోయింది. ఆదరణ సంగతి చూస్తే, అదే చక్రవర్తి టిబెట్టు బౌద్ధ లామాలను అంతకంటె ఎక్కువగా ఆదరించాడు. బౌద్ధ ‘ధర్మరాజు’ బిరుదును తనకు తానే తగిలించుకొన్నాడు. టిబెట్టు లిపితో కూడిన పింగాణి కూడా ఆయన కాలానిది లభిస్తున్నది. అరబీ లిపిని చూచి ముస్లిం అనుకొంటే టిబెట్టు లిపిని చూచి బౌద్ధుడనవలసి వస్తుంది. ఇక ‘ఖితాయ్ నామా’ విలువైన గ్రంథమే. కాని అది ఉస్మానీ సుల్తానుకు సమర్పించడానికి ఇస్తాంబూల్‌లో వ్రాసినది. దూరదేశపు రాజు తమ ధర్మం వైపు మొగ్గుతున్నాడన్న వార్త అటువంటి సభలో సంతోషంగా వినబడేది. చక్రవర్తి మరణించగానే సయ్యద్ హుసేన్ శిక్షకు గురికావడం గమనిస్తే, ఆస్థానంలో ముస్లిముల స్థితి ఒక వ్యక్తి అభిమానంపై ఆధారపడినదే తప్ప ధర్మమార్పిడి వల్ల కలిగినది కాదని తేలుతుంది.

మరి ఈ వస్తువులు ఎవరివి? ఆస్థానంలో అధికారం చెలాయించిన ముస్లిం నపుంసక అధికారుల కోసం చేయించినవని ఒక వాదం. విదేశీ రాయబారులకు బహుమతులని మరొకటి. కొత్త భాషలపై, దూరదేశాలపై కుతూహలం గల చక్రవర్తి స్వయంగా చేయించాడని ఇంకొకటి. చీనా ముస్లిం అధికారుల, ధనిక కుటుంబాల వాడుక కోసమని వేరొకటి. పాలనా ముద్ర ఉన్నందువల్ల రాజకీయ కొలుములతో సంబంధం స్పష్టం. అంతకుమించి ఒక్క వాదాన్నే స్థిరపరచగల దస్తావేజు లభించలేదు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క యజమాని ఉండటం కూడా అసంభవం కాదు.

ఇక్కడ ముస్లిం పాఠకులు ఒక విషయం ఆలోచించాలి. ఒక చక్రవర్తి మనవాడని నిరూపణ అయితే ఆనందమే. కాని సాక్ష్యం చాలనిచోట దావా వేయడం ఇల్మ్ పద్ధతి కాదు. హదీసు విద్వాంసులు ఒక్కొక్క రావీ నిజాయితీని, జ్ఞాపకశక్తిని, కాలాన్ని పరిశీలించి గాని ఉల్లేఖనాన్ని స్వీకరించలేదు. తమకు ఇష్టమైన మాట అన్నంత మాత్రాన వారు దానిని సహీ అనలేదు. చరిత్రకూ అదే త్రాసు వర్తించాలి. పైగా, చక్రవర్తిపై దృష్టి నిలిపినంత సేపు అసలు సంగతి మరుగున పడుతున్నది. పరదేశంలో తరతరాలుగా స్థిరపడి, అక్కడి కుంచెను చేతబట్టి, అక్కడి చదువు చదివి, తమ లిపిని మరవని సామాన్య విద్యావంతుల సమాజం ఒకటి ఉండినది. అది చక్రవర్తి కథ కంటె విలువైన సత్యం.

తరువాతి తరాల బల్లలు

ఆ సమాజం జెంగ్‌దేతో అంతరించలేదు. షాన్‌షీ ప్రాంతంలో హు దెంగ్‌జౌ (1522–1597) మస్జిదులలో క్రమబద్ధమైన విద్యాబోధనకు పునాది వేశాడు. అందులో అరబీతోపాటు పారసీ గ్రంథాలు కూడా పాఠ్యాలయినవి. వాంగ్ దాయ్‌యు 1642లో ఇస్లామీయ సిద్ధాంతాన్ని చీనా తాత్త్విక పరిభాషలో వివరించే గ్రంథం ప్రచురించాడు. నాన్జింగ్ పండితుడైన ల్యూ జీ ఇస్లామీయ ధర్మవిధులపై రచించిన గ్రంథం 1710లో వెలువడింది. వీరి బల్లలపై కుంచె, సిరా సాన, కుంచె పీఠం చీనావే. ఆ బల్లల మీదనే అరబీ, పారసీ గ్రంథాలు తెరచి ఉండేవి.

ఈ కాలానివే అరబీ లిపి గల కంచు సామగ్రి. చీనా పండితుని గదిలో ధూపానికి సంబంధించి మూడు వస్తువుల జత ఉండేది: ధూపపాత్ర, పరిమళ ద్రవ్యాల చిన్న పెట్టె, ధూపం సవరించే కడ్డీలను నిలిపే చిన్న కలశం. చీనా ముస్లిములు ఈ మూడింటిపై ఖలిమా, అల్లాహ్ స్తుతి వాక్యాలు పోత పోయించుకొన్నారు. వీటిలో అనేకం అడుగున శ్వాన్‌దే (1426–1435) ముద్రనో, జెంగ్‌దే ముద్రనో ధరించినా, పని తీరును బట్టి 17, 18 శతాబ్దాలవని పరిశోధకులు నిర్ణయించారు. చీనాలో పాత ముద్ర వేయడం ప్రతిసారీ మోసం కాదు. పూర్వకాలపు పనితనానికి గౌరవసూచకంగా కూడా వేసేవారు. కాని కొనేవాడికి ఆ తేడా చెప్పనివాడు మోసగాడే.

సేకరణకారులు

19వ శతాబ్దంలో ఈ వస్తువుల జీవితం మారిపోయింది. 1860లో ఆంగ్లో-ఫ్రెంచి సేనలు బీజింగ్ సమీపంలోని రాజోద్యానాన్ని కొల్లగొట్టి తగులబెట్టినవి. 1900లో బాక్సర్ల తిరుగుబాటును అణచే పేరిట ఎనిమిది దేశాల సేనలు బీజింగ్‌లో మరొకసారి దోపిడి సాగించినవి. 1912లో రాజరికం ముగిసిన తరువాత ఎన్నో పాత కుటుంబాలు తమ సామగ్రిని అమ్ముకొన్నవి. ఇట్లా చీనా పండితుల బల్లలపై ఉండవలసిన వస్తువులు లండన్, పారిస్, న్యూయార్క్ వేలంపాటలకు చేరినవి.

పాశ్చాత్య సేకరణకారులలో మన దేశంతో సంబంధం గల వ్యక్తి సర్ పెర్సివల్ డేవిడ్ (1892–1964). బొంబాయిలో, బాగ్దాదు నుండి వచ్చి స్థిరపడిన యూదు వర్తక కుటుంబంలో పుట్టాడు. చీనా భాష నేర్చి, పైన పేర్కొన్న 1388 నాటి సావ్ జావ్ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. ఆయన మరణానంతరం, 1971లో, అది అచ్చయింది. ఆయన సేకరించిన సుమారు 1,700 పింగాణి వస్తువులు 2009 నుండి బ్రిటిష్ మ్యూజియంలో ప్రత్యేక మందిరంలో ప్రదర్శితమవుతున్నవి. 1351 తేదీ గల సుప్రసిద్ధ నీలి కలశాల జత వాటిలోనిదే. జెంగ్‌దే కాలపు అరబీ లిపి వస్తువులు కూడా ఆ సేకరణలో ఉన్నవి.

కాని చాలాకాలం వరకు ఎక్కువమంది సేకరణకారులకు ఈ అక్షరాలు వట్టి అలంకారంగానే కనిపించినవి. వేలం పట్టికలలో ‘మహమ్మదీయ లిపి’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు. పింగాణి తెలిసినవారికి పారసీ రాదు, పారసీ తెలిసినవారు పింగాణిని చూడలేదు. చికాగో మ్యూజియం పండితుడైన బెర్తోల్డ్ లావుఫర్ చీనా ముస్లిముల కంచు వస్తువులపై వ్రాసిన వ్యాసం 1934లో ‘ఆర్స్ ఇస్లామికా’ పత్రిక తొలి సంపుటంలో వెలువడినప్పుడు, అరబీ శాసనాలను చదివే పనిని మార్టిన్ స్ప్రెంగ్లింగ్ అనే వేరొక పండితుడు చేయవలసివచ్చింది. రెండు విద్యలు కలిసినప్పుడే ఆ వస్తువులు నోరు విప్పినవి.

మరొక నష్టం కూడా జరిగింది. ఒక పీఠం ఏ ఊరిది, ఏ కుటుంబానిది, ఏ మస్జిదు పక్కన ఉండినది అన్న సమాచారం వర్తకుని దుకాణం దాటేసరికి పోయింది. ఈ వస్తువుల యజమానుల విషయంలో నాలుగు వాదాలు మిగలడానికి మూలకారణం ఇదే. వస్తువును కాపాడి దాని పుట్టు పూర్వోత్తరాలను పోగొట్టడం సగం కాపాడటమే అవుతుంది. 1966 తరువాత సాంస్కృతిక విప్లవ కాలంలో ‘పాతవాటి’ నిర్మూలన పేరిట చీనాలోనే మస్జిదులూ, ఇండ్లలోని గ్రంథాలూ, పాత సామగ్రీ ధ్వంసమైనవి. విదేశాలకు పోయినవి తమ చరిత్రను పోగొట్టుకొంటే, స్వదేశంలో మిగిలినవాటిలో అనేకం రూపమే లేకుండా పోయినవి.

నకిలీల విషయంలోనూ లిపి జ్ఞానం అక్కరకు వస్తుంది. జెంగ్‌దే ముద్ర, నీలి వర్ణం, కొండ ఆకారం మాత్రమే చూచి కొన్నవారు మోసపోయారు. అక్షరాలలో తప్పులున్నంత మాత్రాన వస్తువు నకిలీ అని చెప్పరాదు, అసలువాటిలోనూ తప్పులున్నవి. అయితే మూలంలోని నమూనా లీలగానైనా అర్థవంతంగా చదవగలిగేట్లు ఉంటుంది. నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు అయినకొద్దీ అక్షరం తీగగా, తీగ గీతగా మారి, చివరకు చదవడానికి ఏమీ మిగలదు. మట్టి, మెరుపు పూత, రంగు, ముద్ర, లిపి అన్నీ ఒకే కాలాన్ని చెప్పినప్పుడే తీర్పు నిలుస్తుంది.

దక్కనులో

దక్కనుకు ఈ చరిత్ర మరీ దూరం కాదు. చీనా పింగాణికి ఇక్కడి నవాబుల, అమీరుల ఇండ్లలో ఆదరణ ఉండేది. విషం తగిలితే లేత ఆకుపచ్చ చీనా పాత్ర రంగు మారుతుందనో, పగులుతుందనో నమ్మకం కూడా ఉండేది. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణతో 1951 డిసెంబరు 16న ప్రారంభమైన మ్యూజియంలో చీనా పింగాణికి ప్రత్యేక స్థానం ఉన్నది. వ్రాత పరికరాల విషయంలో దక్కనుకు సొంత సంప్రదాయమే ఉన్నది. నల్లని లోహంపై వెండి తీగను పొదిగే బీదరు పనివారు హుక్కాలు, పాన్‌దాన్‌లతోపాటు ఖలమ్‌దాన్‌లు కూడా చేశారు. జింగ్‌దెజెన్ కుమ్మరి పీఠంపై వ్రాసిన మాటకూ, బీదరు పనివాడు చేసిన పెట్టె పేరుకూ తోక ఒకటే.

అటువంటి ఖలమ్‌దాన్‌లు, దవాత్‌లు, కితాబ్ రిహాల్‌లు, తుగ్రాలు చెక్కిన పళ్ళెములు తెలుగు ప్రాంతాల పాత ముస్లిం ఇండ్లలో ఉంటే, వాటిని పాతసామానుల వానికి తూకానికి వేసేముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. వాటిపై ఏమి వ్రాసి ఉన్నదో అరబీ పారసీ తెలిసినవారిచేత చదివించాలి. ఎవరి కాలం నుండి ఇంట ఉన్నదో, ఏ ఊరి నుండి వచ్చినదో పెద్దలనడిగి ఒక కాగితంపై వ్రాసి ఆ వస్తువుతోనే ఉంచాలి. అమ్మక తప్పని పరిస్థితిలో కూడా ఆ కాగితాన్ని వస్తువుతో పంపాలి. దైవవాక్యాలు ఉన్న వస్తువులైతే వాటి అదబ్ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు.

లండన్‌లోని ఆ కుంచె పీఠం తన పేరు తాను చెప్పుకొంటున్నది. తన యజమాని పేరు మాత్రం చెప్పలేకపోతున్నది. దానిని మొదట ఇంటి నుండి తరలించిననాడు ఎవరైనా ఒక్క పంక్తి వ్రాసి పెట్టి ఉంటే, చీనా ముస్లిం విద్యావంతుడొకని పేరు, ఊరు నేడు చరిత్రకు తెలిసి ఉండేవి.